పుండు నెరిగిన మందు
(మొఘల్‌పురాలో పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగము)



చెప్పు కరచిన చిన్న పుండు నుపేక్షించి కాలు పోగొట్టుకొన్న మధుమేహ రోగులు ఈ పేటలోను గలరు, మీ గ్రామములలోను గలరు.

1948లో మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో అమెరికాలో ఆరియోమైసిన్ వెలువడినది. అట్టి మందులను మితిమీరి వాడుటచే నేడు పెక్కు సూక్ష్మజీవులు వానికి లొంగకున్నవి. కావుననే శాస్త్రజ్ఞులు హైడ్రోజెల్‌ను మలచుచున్నారు. పేరు క్రొత్తదే గాని, నానిన సబ్జాగింజ చుట్టు జిగురును మీరెరుగుదురు; ఇదియు నట్లే నీటిని నిలుపుకొనును. ఆరోగ్యమైన చర్మమునకు ఆమ్లగుణ ముండును. చీముపట్టిన పుండు సాధారణముగా క్షారమగును. ఆ మార్పు తగిలినప్పుడే ఉబ్బి, అక్కడనే మందు విడుచు జెల్లులును గలవు.

ఇట్టివి అధికభాగ మింకను పరిశోధనలోనే యున్నవి. అందాక గాయముపై బూడిద, పేడ అద్దనీయకుడు. మంచినీటితో కడిగించి, శుభ్రమైన గుడ్డ కట్టించి, ఆరోగ్యకేంద్రమునకు పంపి ధనుర్వాతపు సూది వేయింపుడు.