సానియా మీర్జా: ఒక క్రీడాజీవితపు జమాఖర్చులు



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములను గూర్చి మాటాడుట పరిపాటి. నేను మాత్రము నేడు ఒక క్రీడాకారిణిని గూర్చి విన్నవింపదలచితిని. లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక, సానియా మీర్జా చరిత్రమును జమాఖర్చులుగానే పరికించితిని.

ఆమె 1986 నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించి హైదరాబాదున పెరిగినది. ఆరేండ్ల ప్రాయముననే రాకెట్టు పట్టినది. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమెకు శిక్షణ మొసగెను. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ పోటీలో గెలుపొందినది. 2005లో హైదరాబాదు పోటీలో నెగ్గి, మహిళల సింగిల్స్‌లో డబ్ల్యూ.టి.ఏ. టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైనది. 2007 ఆగస్టున సింగిల్స్‌లో ప్రపంచమున 27వ స్థానము నందినది. ఇంతవరకు జమ.

ఇక ఖర్చు. 2008లో ఆమె కుడి మణికట్టునకు శస్త్రచికిత్స జరిగినది. విలుకానికి బొటనవ్రేలెట్టిదో టెన్నిస్ ఆడువారికి మణికట్టట్టిది. ఏకలవ్యుడు బొటనవ్రేలు నిచ్చివేసిన పిమ్మట తక్కిన వ్రేళ్లతోనే బాణము సంధించెననియు, అయితే మునుపటి వేగము రాలేదనియు భారతము చెప్పుచున్నది. ఆ కథ చదివి కన్నీరు పెట్టుకొనువారమే గాని, మిగిలిన వ్రేళ్లతో విల్లు పట్టిన ఆ పట్టుదలను మనము తలపోయము. సానియాలో నేను చూచినది ఆ పట్టుదలయే. 2013లో ఆమె సింగిల్స్ విడిచి, తన బలమంతయు డబుల్స్ ఆటపై నిలిపినది.

ఫలితము వినుడు. స్విట్జర్లాండు దేశీయురాలగు మార్టినా హింగిస్ నెట్టు దగ్గర నేర్పరి. సానియా వెనుకనుండి బలమైన ఫోర్‌హ్యాండ్ కొట్టుటయందు దిట్ట. 2015 ఏప్రిలున సానియా డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థాన మలంకరించినది. మొత్తము 91 వారములు ఆ స్థానమున నిలిచినది. అదే యేడు వింబుల్డన్ తుదిపోటీలో మూడవ సెట్టున 2–5తో వెనుకబడియు, ఆ జంట 7–5తో దానిని గెలిచి విజేతలైనారు. హింగిస్‌తో మూడును, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడును కలిపి ఆమెకు ఆరు గ్రాండ్‌స్లామ్ విజయములు లభించినవి.

2018 అక్టోబరున ఆమెకు కుమారుడు కలిగెను. తల్లియైన పిమ్మట ఇక ఆటయెక్కడిదని మనవారందురు. 2020 జనవరిలో ఆమె హోబర్టు పోటీకి వచ్చి, నాదియా కిచెనోక్‌తో కూడి డబుల్స్ గెలిచినది. 2023 ఫిబ్రవరిలో దుబాయిలో తన తుది పోటీ ఆడినది.

సోదరులారా! మన పల్లెలలో ఆడపిల్ల కాస్త ఎదిగినంతనే ఆటస్థలమునకు దూరమగుచున్నది. పిదప పఠనమందిరమునకును దూరమగుచున్నది. ఈ నష్టము ఏ చిట్టాలోను ఎక్కదు గనుక మనకు కానరాదు. సానియా తండ్రి కూతురి చేతినుండి రాకెట్టు లాగికొని యుండినచో, పైన చెప్పిన జమ యంతయు సున్నయే గదా!

మన సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లి గుడికి రేయింబవళ్లు తలుపులు మూయరు. ఆ తల్లి నీడన బ్రదుకు మనము ఆడుబిడ్డల యెడ గ్రంథాలయపు తలుపును, ఆటస్థలపు కంచెను మూయుట తగదు. ఈ రజతోత్సవమునాడు ఆ రెంటిని తెరచి యుంచుదుమని నిశ్చయించుకొందము.