పేరులోని హెచ్చరిక

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

గత శుక్రవారం నమాజు అనంతరం ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. అతనితో కలిసి పనిచేసే క్రైస్తవ మిత్రుని పేరు ఇమ్మానుయేలు. “హజ్రత్! ఆ పేరుకు ‘దేవుడు మనకు తోడు’ అని అర్థమట. అటువంటి పేరు పెట్టుకోవడమే షిర్క్ అని అతని ముఖం మీదే అన్నాను. అప్పటి నుండి అతడు నాతో మాట్లాడటం లేదు. నేను చెప్పింది సత్యమే కదా?” అని అడిగాడు. నిలుచున్నపాటున జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది. అందుకే నేటి ప్రసంగాన్ని దానికి కేటాయిస్తున్నాను.

మనం మన పిల్లలకు ఎంతో ప్రేమతో ఇస్మాయీల్ అని పేరు పెట్టుకుంటాము. హీబ్రూ భాషలో ఆ పేరుకు ‘దేవుడు ఆలకిస్తాడు’ అని అర్థం. ఆ పిల్లవాడే ఆలకించే దేవుడని ఎవరూ భ్రమపడరు. ఇక ‘దేవుడు మనకు తోడు’ అన్న మాట సంగతి. సౌర్ గుహలో శత్రువుల అడుగుల చప్పుడు తలపైన వినిపిస్తుండగా, దైవప్రవక్త (స) తమ సహచరుడు అబూబక్ర్ (రజి)ను ఓదార్చిన మాట ఇదే గదా! సూరె తౌబా 40వ ఆయతు తెరిచి చూడండి.

బైబిలులోని యెషయా గ్రంథంలో ఈ పేరు ఏ సందర్భంలో వచ్చిందో గమనించండి. యెషయా పేరు ఖుర్ఆన్‌లో లేదు. అయితే ఇబ్నె కసీర్ (రహ్మ) తమ చరిత్ర గ్రంథంలో ఆయనను షఅయా అనే పేరుతో ప్రస్తావించారు. ఆ గ్రంథాలలోని విషయాలను, మన వద్ద నిర్ధారణ లేనిచోట, ధ్రువీకరించవద్దు, తిరస్కరించవద్దు అన్నది మనకు ప్రవక్త (స) నేర్పిన పద్ధతి. ఆ హద్దులోనే ఉండి చెబుతున్నాను.

క్రీ.పూ. 734 ప్రాంతంలో సిరియా రాజు, ఉత్తర ఇస్రాయీల్ రాజు ఏకమై యెరూషలేము మీదికి దండెత్తారు. ఆహాజు రాజు గుండె జారిపోయింది. చాకిరేవు దారిలో, కోనేటి కాలువ వద్ద యెషయా అతనిని కలుసుకున్నాడు. వెంట తన కుమారుణ్ణి తీసుకువెళ్ళాడు. ఆ బాలుని పేరు షెయార్యాషూబు, అంటే ‘శేషం మరలి వస్తుంది’. ప్రవక్త నోరు తెరవకముందే బాలుని పేరు ప్రసంగించింది! ఇమ్మానుయేలు అనే శిశువు గురించిన మాట చెప్పింది ఈ సందర్భంలోనే. ఆ శిశువుకు మంచిచెడ్డలు తెలిసే లోపే ఆ ఇద్దరు రాజుల దేశాలు పాడవుతాయన్నాడు. క్రీ.పూ. 732లో దమస్కు, 722లో సమరియా అష్షూరు వశమయ్యాయి. మత్తయి సువార్త ఆ పేరును హజ్రత్ ఈసా (అ)కు అన్వయించింది. అక్కడ మన దారీ క్రైస్తవుల దారీ వేరవుతాయి. ఆ భేదాన్ని మనం దాచనక్కరలేదు. కాని భేదం అన్వయంలో ఉన్నది, పేరులో లేదు.

సోదరులారా! నన్ను ఇంతకంటే ఎక్కువగా కలతపెట్టినవి హోషేయ గ్రంథంలోని పేర్లు. ఆయన తన కుమార్తెకు ‘లోరూహామా’ అని, కుమారునికి ‘లోఅమ్మీ’ అని పేర్లు పెట్టాడు. అరబీ చదివినవారికి మొదటి పేరు వినగానే తెలిసిపోతుంది. ‘లో’ అంటే మన ‘లా’. ‘రూహామా’ రహ్మాన్, రహీమ్ పదాల ధాతువు నుండే వచ్చింది. అంటే, కరుణ పొందనిది! రెండవ పేరుకు ‘నా ప్రజలు కారు’ అని అర్థం. తాము దేవుని ప్రజలమని గర్వించిన జాతి వీధులలో ఆ పసివాణ్ణి తల్లి ఆ పేరుతోనే పిలిచి ఉంటుంది. అయితే ఆ గ్రంథంలోనే, పశ్చాత్తాపపడి మరలినవారి విషయంలో ఆ రెండు పేర్ల నుండి ‘లో’ తొలగిపోతుంది. కరుణ పొందినది, నా ప్రజలు అని మిగులుతుంది.

మనకు ‘ముస్లిములు’ అని పేరు పెట్టింది మన తాతముత్తాతలు కాదు. సూరె హజ్ చివరి ఆయతు ప్రకారం అది పైనుండి వచ్చిన పేరు. విధేయులని దాని అర్థం. తూకంలో మోసం చేసే వర్తకుడు, చెల్లెలి వారసత్వపు వాటా ఎగవేసే అన్న ఆ పేరును ఏ ముఖంతో మోస్తున్నారు? ఆధార్ కార్డులో పేరు మారదు, నిజమే. అల్లాహ్ వద్ద మన పేరు ముందు ‘లా’ చేరిందేమోనని ఏనాడైనా భయపడ్డామా?

బుఖారీలో ఒక ఉల్లేఖనం ఉన్నది. హజ్న్, అనగా కరకు, అనే పేరుగల వ్యక్తిని ప్రవక్త (స) సహ్ల్, అనగా మృదువు, అని మార్చుకొమ్మన్నారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని అతడన్నాడు. ఆ కరకుదనం ఆ తరువాత కూడా తమ వంశాన్ని విడువలేదని అతని మనుమడు సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మ) స్వయంగా చెప్పుకున్నారు.

నాయనా, ప్రశ్న అడిగిన నీవు ఈ వరుసలలోనే కూర్చుని ఉన్నావు. ఒకరినొకరు చెడ్డ పేర్లతో ఎగతాళి చేయవద్దని సూరె హుజురాత్ 11వ ఆయతు ఆదేశిస్తున్నది. తల్లిదండ్రులు ప్రార్థించి పెట్టిన పేరును ముఖం మీదే నిందించడం ఏ కోవకు వస్తుందో నీవే ఆలోచించు. నమాజు కాగానే ఆ మిత్రుని ఇంటికి వెళ్ళు. వాదన కోసం కాదు, క్షమాపణ కోసం. తౌహీద్ గురించి మాట్లాడే రోజు తరువాత వస్తుంది. అతని పేరు పెట్టి, నిండుగా పిలువు.

ఈ మాటతో ముగిస్తూ, నా కోసమూ, మీ అందరి కోసమూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను. ఆమీన్.