కడిగిన నీళ్లలో కరెంటు

స్నాతకోత్సవ వేదిక మీద విజయగాథలు చెప్పడం ఆనవాయితీ. ఈ ప్రసంగం మాత్రం ఇంకా పూర్తిగా గెలవని ఒక యంత్రం గురించి: బ్యాక్టీరియాతో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ గురించి.

ఆస్ట్రేలియాలోని యాటలాలో ఫాస్టర్స్ కంపెనీకి పెద్ద బీరు ఫ్యాక్టరీ ఉండేది. ట్యాంకులు కడిగిన నీళ్లలో చక్కెర, పిండిపదార్థం, ఆల్కహాల్ కలిసి పోతుంటాయి. మనుషులకు అది మురుగు, బ్యాక్టీరియాకు విందు. 2007లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడ ఈ సెల్ కోసం 12 గొట్టాలు నిలబెట్టారు. ఒక్కొక్కటి 3 మీటర్ల ఎత్తు, అన్నీ కలిపి సుమారు 1,000 లీటర్లు. ఇక ఇంటికి సరిపడా కరెంటు వచ్చేస్తుందని పత్రికలు సంబరపడ్డాయి.

ఇందులో కిటుకు బ్యాక్టీరియా ఊపిరిలో ఉంది. మనిషి తిన్న అన్నంలోని ఎలక్ట్రాన్లు చివరకు ఆక్సిజన్‌ను చేరతాయి. గాలి అందని బురదలో బతికే బ్యాక్టీరియా జియోబ్యాక్టర్‌కు ఆ దారి లేదు కాబట్టి, ఎలక్ట్రాన్లను ఇనుప తుప్పు మీద దించుకుంటుంది. 1987లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం అమెరికాలోని పోటోమాక్ నది బురదలో పట్టుకున్నది ఇలాంటి జీవినే. తుప్పు బదులు కార్బన్ బ్రష్ పెడితే దాని మీదే దించుతుంది. అక్కణ్ణుంచి రెండో ఎలక్ట్రోడ్ అయిన కేథోడ్ దాకా తీగ కడితే కరెంటు పారుతుంది. సూక్ష్మజీవుల నుంచి కరెంటు పుడుతుందని డర్హమ్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు ఎం.సి. పాటర్ 1911లోనే చూపించాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

యాటలాలో ఏమైంది? బీరు నీళ్లకు విద్యుత్ వాహకత చాలలేదు. కేథోడ్ మీద జిగట పొర పేరుకుంది. గాజు సీసాలో బుద్ధిగా పనిచేసిన బ్యాక్టీరియా మూడు మీటర్ల గొట్టంలో మొరాయించింది. అసలు ఒక్కో సెల్ నుంచి పని చేస్తున్నప్పుడు వచ్చేది అర వోల్టు లోపే. పోనీ వరసగా కలుపుదామంటే, మేత అందని ఒక్క సెల్ ఎదురు తిరిగి మిగతావాటి కష్టాన్నీ మింగేస్తుంది.

అయితే దీన్ని కరెంటు ఫ్యాక్టరీగా చూడటమే పొరపాటేమో. ఫ్యాక్టరీ మురుగును శుద్ధి చేసే మామూలు ప్లాంటులో (ఈటీపీ) బ్యాక్టీరియాకు గాలి ఊదాలి. చాలాచోట్ల ప్లాంటు వాడే కరెంటులో దాదాపు సగం ఆ బ్లోయర్లకే పోతుంది. పైగా పెరిగిన బ్యాక్టీరియాతో పేరుకునే బురదను, అంటే స్లడ్జ్‌ను, ఎత్తిపోయాలి. ఫ్యూయల్ సెల్‌లో బ్యాక్టీరియా తన శక్తిలో కొంత తీగకు ఇచ్చేస్తుంది కనుక తక్కువగా పెరుగుతుంది, స్లడ్జూ తగ్గుతుంది. పుట్టే కరెంటు పిసరంతే కావచ్చు, ఆదా మాత్రం పిసరంత కాదు.

హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎస్. వెంకట మోహన్ బృందం పాల డెయిరీల నీళ్ల మీద, రసాయన పరిశ్రమల వ్యర్థజలాల మీద ఏళ్ల తరబడి ఈ ప్రయోగాలు చేసింది. మందుల ఫ్యాక్టరీ నీళ్లతో చిక్కు వేరు: ఉప్పు ఎక్కువైతే కరెంటు బాగా పారుతుంది, బ్యాక్టీరియాకేమో ఊపిరాడదు. కేథోడ్ మీద వాడే ఖరీదైన ప్లాటినం స్థానంలోకి యాక్టివేటెడ్ కార్బన్ వచ్చింది గానీ, దాని మీద పేరుకునే పొర ఇంకా వదల్లేదు. కెమికల్ ఇంజినీర్లు, మైక్రోబయాలజిస్టులు ఒకే బల్ల దగ్గర కూర్చుని గీకాల్సిన పొర అది. ఈ హాల్లో ఆ రెండు విభాగాలవాళ్లూ పక్కపక్క వరసల్లోనే కూర్చున్నారు.