అకామా ఫీజు మాఫీ ఎవరికి దక్కింది?



కరోనా టైంలో ఛుట్టీ మీద ఊరికి పోయినోళ్లు అక్కడనే చిక్కుకుపోయిన సంగతి మీకు ఎరికే. 2021 ఫిబ్రవరిలో సౌదీ మన దేశంతో సహా 20 దేశాలకు దారి మూసింది. మే నెలలో రాజు సల్మాన్ ఉత్తర్వు వచ్చింది: బయట ఉన్నవాళ్ల అకామాలు, ఎగ్జిట్ రీఎంట్రీ వీసాలు ఫీజు లేకుండా జూన్ 2 దాకా పొడిగిస్తమని. జూన్ 2 అంటే మన రాష్ట్రం పుట్టినరోజు, అది వేరే ముచ్చట. ఆ గడువును మళ్లా మళ్లా పెంచుకుంట 2022 మార్చి 31 దాకా తీసుకపోయిన్రు. జవాజత్‌కు ఎవరూ పోకుండనే కంప్యూటర్‌లోనే తేదీ మారింది. మంచి పని, ఒప్పుకోవాలె.

కానీ ఎవరి పైసలు మిగిలినయి? సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణ ప్రకారం అకామా, వర్క్ పర్మిట్ ఖర్చు, ఆలస్యమైతే జరిమానా కూడా యజమానిదే. అంటే పెద్ద కంపెనీల పనిచేసేటోళ్ల విషయంల మాఫీ కంపెనీకే లాభం. తన జేబుల నుంచి కట్టేటోడు ఆజాద్ వీసా మీద వచ్చినోడు. అకామాకు ఏడాదికి 650 రియాళ్లు, లెవీ నెలకు 700, 800 ఉంటది. చట్టం కఫీల్ కట్టాలంటది, కఫీల్ మనోని దగ్గర వసూలు చేస్తడు. రసీదు మాత్రం ఇయ్యడు.

కుటుంబం ఉన్నోళ్ల బాధ ఇంకోటి. 2017లో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లతో మొదలైన డిపెండెంట్ ఫీజు 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలంటే ఏడాదికి 14,400. ఇది యజమాని మీద లేదు, మన మీదనే. అందుకే ఎంతోమంది పెళ్లాం పిల్లలను ఇంటికి పంపిన్రు.

ఇంకో మాట. అకామా బతికి ఉన్నా కొలువు బతికి ఉన్నట్టు కాదు. కార్డు మీద తేదీ ఉండంగనే, తిరిగి రావద్దని కఫీల్ చెప్తే ఆ మాఫీతో ఏం జేసుకోవాలె?

అందుకే మన ఎంబసీనీ, హైదరాబాద్‌లోని మన సర్కారునీ అడగాల్సింది ఫీజు మాఫీ ఒక్కటే కాదు. దారి మూసినప్పుడు ఊర్ల చిక్కినోని నౌకరీ, రావాల్సిన జీతం, సర్వీసు పైసలు కూడా ఆ మాటల ఉండాలె. కఫీల్‌కు మీరు కట్టిన ప్రతి రియాల్ బ్యాంకు ద్వారానే కట్టండి. చేతికి ఇచ్చినదానికి సాక్ష్యం ఉండది. అర్జీ ఇక్కడనే ఉన్నది, సంతకం పెట్టి పోండి.

జై తెలంగాణ.