ఓడలెక్కి లోకం చుట్టిన ఇంటి బల్లి

హెమిడాక్టైలస్ ఫ్రెనాటస్ అనే శాస్త్రీయ నామంతో 1836లో నమోదైన ఇంటి బల్లి పుట్టినిల్లు దక్షిణ, ఆగ్నేయాసియా. నేడది పసిఫిక్ దీవులు, ఉత్తర ఆస్ట్రేలియా, తూర్పు ఆఫ్రికా, మెక్సికో తీరం దాకా ఉష్ణమండలమంతటా కనిపిస్తుంది.

ఇంతటి విస్తృతికి మూలం మనిషి సరకుల రవాణాయే. ఓడల్లోని పెట్టెల సందుల్లో, కలప దుంగల మధ్య అది దాక్కుని ప్రయాణిస్తుంది. ఆడబల్లి ఒక విడతకు సాధారణంగా రెండే గుడ్లు పెట్టినా, వాటి పెంకు గట్టిగా ఉండి ఎండిపోకుండా కాపాడుతుంది. పైగా ఒకసారి జతకట్టాక వీర్యాన్ని దేహంలో చాలాకాలం నిల్వ ఉంచుకోగలదు గనుక, ఒంటరి ఆడబల్లి కొత్త రేవులో దిగినా అక్కడ సంతతి మొదలవుతుంది.

కొత్తచోట దాని బలం విద్యుద్దీపమే. వెలుగు కింద పురుగులు గుమిగూడుతాయి. గోడ మీద కదలకుండా పొంచి ఉన్న ఈ బల్లి ఒక్క దూకుతో వాటిని అందుకుంటుంది. మగతోడు లేకుండానే, అంటే అనిషేక జననం ద్వారా, సంతానం పొందే చిన్న స్థానిక బల్లి పసిఫిక్ దీవుల ఇళ్ల గోడల మీద ఈ పోటీకి తట్టుకోలేక తగ్గిపోయింది. దీపాలు లేని చెట్ల మీద మాత్రం అది నిలదొక్కుకుంది.

మారిషస్‌లో నష్టం మరింత విచారకరమైనది. నాక్టస్ అనే ప్రజాతికి చెందిన అక్కడి నిశాచర బల్లులు, ఎలుకలతో పాటు ఈ వలస బల్లి తాకిడికీ గురై, ప్రధాన ద్వీపం నుంచి కనుమరుగై, చుట్టూ ఉన్న చిన్న దీవుల్లోనే మిగిలాయి.