పై వరుసలోని తెల్ల చారలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ హాబీ గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. నా హాబీ ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కడుక్కోవడం. ఈ రోజుల్లో అదేం పని అని మా ఇంట్లోనే అడుగుతారు. అయినా ఈ సభలో ఆ సంగతి చెప్పడానికి నాకొక కారణం ఉంది. అది చివర్లో చెబుతాను.

మా 1985 పదో తరగతి వాళ్లందరి ఇళ్లలో ఒక గ్రూప్ ఫోటో ఉంటుంది. వీడ్కోలు రోజున సైన్సు మాస్టారు తన సొంత కెమెరాతో తీసింది. ల్యాబ్ పక్కన స్టోరు రూముకి దుప్పట్లు కట్టి చీకటి చేసి, ఆయనే కడిగి ప్రింట్లు వేసి ఇచ్చారు. ఆ ఫోటోలో పై వరుసలో నిలబడ్డవాళ్ల ముఖాల మీద తెల్లటి చారలు ఉంటాయి. మేం అడిగితే మాస్టారు "ఫిల్ము పాతదిరా" అన్నారు. నలభై ఏళ్లుగా మేమంతా అదే మాట చెప్పుకుంటున్నాం.

ఇక హాబీ సంగతి. ఆరేళ్ల క్రితం పాత కెమెరా ఒకటి బాగు చేయించుకుని మళ్లీ మొదలుపెట్టాను. మొదటి ఆరు రోలుల్లో నాలుగు మచ్చలు, చారలే. ఫిల్ముని తిట్టాను, మందుని తిట్టాను, బోరు నీళ్లని తిట్టాను. ప్రతిసారీ మూడు నాలుగు మార్పులు ఒకేసారి చేసేవాణ్ణి. దాంతో బాగుపడితే ఎందుకు బాగుపడిందో తెలిసేది కాదు, చెడితే ఎందుకు చెడిందో తెలిసేది కాదు. ఫ్యాక్టరీలో నా కింద పనిచేసే కుర్రాడు ఇలా చేస్తే ఊరుకుంటానా? అప్పుడు తిట్టడం మానేసి, నెగెటివ్‌ని కిటికీ వెలుగులో పెట్టి చూడటం మొదలుపెట్టాను. మచ్చ ఆకారమే కారణం చెబుతుంది.

దీని వెనక ఉన్న సంగతి చిన్నదే. వెలుతురు పడిన చోట డెవలపర్ ఫిల్ములోని వెండి లవణాన్ని నల్లటి వెండిగా మారుస్తుంది. ఆ పని చేసిన చోట డెవలపర్ నీరసిస్తుంది. పైగా అక్కడ బ్రోమైడ్ విడుదలై మిగతా పనిని నెమ్మదింపజేస్తుంది. అందుకని పాతది పక్కకు జరిగి, కొత్తది ఫిల్ము అంతటా సమానంగా తగలాలి. ట్యాంకును తలకిందులు చేస్తూ ఉండేది ఇందుకే.

బొత్తిగా కదపకపోతే ఏమవుతుంది? గోడ మీద వెలుగుతున్న కిటికీని ఫోటో తీశారనుకోండి. కిటికీ దగ్గర తయారైన బ్రోమైడ్ ఫిల్ము మీదుగా కిందికి జారుతుంది. అది జారిన దారిలో డెవలప్ తక్కువవుతుంది. ప్రింటులో కిటికీ నుంచి గోడ పొడవునా నీడలాంటి నల్లటి చార వస్తుంది.

మరీ గట్టిగా కదిపితే దీనికి తిరగబడుతుంది. 35 ఎం.ఎం. ఫిల్ముకు రెండు అంచుల్లోనూ చిల్లులు ఉంటాయి కదా. వాటిలోంచి డెవలపర్ ధారలా దూసుకొచ్చి, చిల్లుకు ఎదురుగా ఉన్న చోట ఎక్కువ పని చేస్తుంది. నెగెటివ్ మీద అక్కడ నల్లగా, ప్రింటులో తెల్లగా చారలు పడతాయి.

ఇంకొక తప్పుకు నాకు రెండు రోలులు ఖర్చయ్యాయి. ఒక పక్క అంచు మాత్రమే పొడవునా పలచబడేది. డెవలపర్ తక్కువైందేమో అనుకున్నాను. నా ట్యాంకులో ఒక రోలుకు 290 మిల్లీలీటర్లు చాలు, నేను 350 పోశాను. అయినా మార్పు లేదు. చివరికి మూత తీసి చూస్తే, రెండు రీళ్లు పట్టే ట్యాంకులో నేను పెట్టిన ఒక్క రీలు, తలకిందులు చేసినప్పుడల్లా మధ్య గొట్టం మీద పైకి జరుగుతోంది! ఫిల్ము పై అంచు డెవలపర్‌లోంచి బయటికి వచ్చేస్తోంది. దాని మీద ఒక ఖాళీ రీలు పెట్టాను. ఆ జబ్బు అంతటితో పోయింది.

గుండ్రటి చిన్న చుక్కలైతే గాలి బుడగలు. డెవలపర్ పోయగానే ట్యాంకును బల్ల మీద రెండు సార్లు తట్టాలి. రీలులో ఫిల్ము చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే పాలలాంటి మచ్చ మిగులుతుంది. ఆరిన తర్వాత కనిపించే నీటి మరకలు వేరే సంగతి. ఆఖరి కడుగుకి డిస్టిల్డ్ వాటర్ వాడితే చాలు.

మన ఎండాకాలం ఇంకొక చిక్కు. కుళాయి నీళ్లు 32 డిగ్రీలుంటే డెవలప్ సమయం అయిదు నిమిషాల లోపుకి పడిపోతుంది. అంత తక్కువ సమయంలో మందు పోయడంలో పది సెకన్ల తేడా కూడా ఫిల్ము మీద కనిపిస్తుంది. అందుకని నేను డి-76ని సమానంగా నీళ్లు కలిపి పలచన చేస్తాను, ట్యాంకును ఐసు వేసిన బకెట్లో ఉంచి 20 డిగ్రీలకు తెస్తాను. మొదటి అర నిమిషం ఆపకుండా, తర్వాత ప్రతి నిమిషానికీ నాలుగు సార్లు నెమ్మదిగా తలకిందులు చేస్తాను. చేయి ఎలా కదలాలంటే, పాయసం అడుగంటకుండా కలిపినట్టు. మజ్జిగ చిలికినట్టు మాత్రం కాదు.

అనుమానం వస్తే ఒక రోలు మొత్తం సాదా గోడనే తీయండి. దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు ఒక్క మార్పే చేసి కడగండి. ఏం చేశారో పుస్తకంలో రాసుకోండి.

ఇక నా కారణం. మా పై వరుసలో కుడి చివర నిలబడ్డవాడు ఇప్పుడు మన మధ్య లేడు. పోయిన ఏడాది వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "నాన్న చిన్నప్పటి ఫోటో ఏదైనా ఉందా అంకుల్?" అని అడిగింది. మాస్టారింటికి వెళ్లాను. ఆయన పాత నోటు పుస్తకంలో దాచిన నెగెటివ్ తీసి ఇచ్చారు.

కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఫిల్ము పాతదైతే మసక అంతటా ఉండాలి. ఇక్కడ చారలు సరిగ్గా చిల్లులకు ఎదురుగా ఉన్నాయి. స్కేలు పెట్టి చూస్తే ఒక్కొక్క చారకు మధ్య ఎడం అయిదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. చిల్లుల మధ్య ఎడం కూడా అంతే, 4.75. పై అంచు చారలు ముఖాల మీద పడ్డాయి. కింది అంచువి నేల మీద పడ్డాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు స్టోరు రూములో ట్యాంకు మాస్టారి చేతిలో లేదు. "నెమ్మదిగా తిప్పరా" అని నా చేతికిచ్చారు. నేను చిలికాను. ఎంత బాగా కదిపితే అంత బాగా వస్తుందనుకున్నాను. మిత్రులారా, ఫిల్ము పాతది కాదు. ఆ తప్పు నాది. పై వరుసలో నిలబడ్డవాళ్లందరినీ క్షమాపణ కోరుతున్నాను.

ఒక మంచి మాట కూడా ఉంది. డెవలప్ తక్కువైన చోట లేని ముఖాన్ని తేలేం. ఎక్కువైన చోట ముఖం ఆ నలుపు కిందే ఉంటుంది. నెగెటివ్ స్కాన్ చేసి, ఒక్కొక్క చారనూ సరిచేసుకుంటూ మూడు వారాలు కూర్చున్నాను. పూర్తిగా పోలేదు గానీ, ఎవరు ఎవరో తెలుస్తోంది. కుడి చివరివాడు నవ్వుతున్నాడు. ఆ సంగతి మాకెవరికీ గుర్తు లేదు. మొదటి ప్రింటు వాళ్లమ్మాయికి పంపాను. మిగతావి గేటు దగ్గర బల్ల మీద ఉన్నాయి, మన బ్యాచ్ వాళ్లు తలా ఒకటి తీసుకోండి.

నెగెటివ్ తిరిగి ఇచ్చేటప్పుడు మాస్టారిని అడిగాను, "మీకు అప్పుడే తెలుసా?" అని. "చిల్లుల దగ్గర చార పడితే ఎందుకో తెలియకుండా ల్యాబ్ నడిపానటరా?" అన్నారు. పదిహేనేళ్ల కుర్రాడి మీద తరగతి అంతా విరుచుకుపడకుండా నింద ఫిల్ము మీద వేశారు. ఆయన ఇక్కడే, ముందు వరుసలో ఉన్నారు. మాస్టారూ, ఇప్పుడు నెమ్మదిగానే తిప్పుతున్నాను.