వాసన పోతే చాలదు

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ హృదయపూర్వక అభినందనలు.

కొత్తగా చేయించిన ప్లైవుడ్ అల్మరా తలుపు తీస్తే ఘాటు గుప్పుమంటుంది, కళ్లు మండుతాయి. చెక్కపొరలను అతికించిన జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది.

గోడరంగులకు తెల్లదనమిచ్చే టైటానియం డయాక్సైడ్‌కు ఈ విషాన్ని విరగ్గొట్టే శక్తి ఉంది. 1960ల చివర్లో టోక్యో విశ్వవిద్యాలయంలో, మీలాగే విద్యార్థిగా ఉన్న అకిరా ఫుజిషిమా దానిమీద కాంతి పడితే నీరు విడిపోతుందని గమనించారు. గురువు కెనిచి హోండాతో కలిసి 1972లో 'నేచర్' పత్రికలో ఆ సంగతి లోకానికి చెప్పారు. గాలిని శుద్ధి చేసే ఫొటోక్యాటలిస్టులకు, అంటే కాంతితో పనిచేసే ఉత్ప్రేరకాలకు, దారి అక్కడే పడింది.

అతినీలలోహిత కాంతి తగలగానే ఆ పదార్థంలో ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ ఉపరితలం మీది తేమ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. ఫార్మాల్డిహైడ్ దాని చేతికి చిక్కి ఫార్మిక్ ఆమ్లమై, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు అయిపోతుంది.

అయితే అన్ని ఆవిరులూ ఆ చివరిదాకా వెళ్లవు. రంగుల్లోని టోలుయీన్ కొంత బెంజాల్డిహైడ్ దగ్గరే ఆగి, ఉత్ప్రేరకానికే అంటుకుని దాని పని మందగింపజేస్తుంది. స్పిరిట్‌లోని ఆల్కహాల్ ఎసిటాల్డిహైడ్‌గా మారి గదిలోకి తిరిగి రావచ్చు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవాళ్లు ఇలాంటి ఉత్ప్రేరకంతో గాలిని శుద్ధి చేసే పరికరంలోకి రకరకాల ఆవిరులు కలిపి పంపారు. లోపలికి వెళ్లినదానికంటే బయటికొచ్చిన గాలిలో ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా కనిపించింది! ఆ ఫలితాన్ని వాళ్లు దాచలేదు. పరికరం వెనక పర్మాంగనేట్ పొర చేర్చి, ఆ మిగులును పట్టే మార్గం చూసి, అంతా 2007లో ప్రకటించారు. విజ్ఞానశాస్త్రానికి పరువు తెచ్చేది ఆ నిజాయితీయే.

రేపు మీరు కంపెనీల్లో, ల్యాబుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో కూర్చుంటారు. 'ఇంత శాతం తగ్గింది' అన్న కాగితం మీ బల్ల మీదికొస్తుంది. తగ్గినది ఏమైపోయిందని అడగండి. జవాబు లేకపోతే సంతకం పెట్టకండి. యంత్రం కొనమనే ముందు కిటికీలు తెరవమనీ, ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలే ప్లైవుడ్ వాడమనీ చెప్పండి. మీ మాట నమ్మి పసిపిల్లను కొత్త అల్మరా ఉన్న గదిలో నిద్రపుచ్చే తల్లి ఉంటుంది. ఆమె నమ్మకానికి తగినట్టు పనిచేయండి.